అప్పన్న కొండ వచ్చే వేళ

ఆ ఏడు వినాయక చవితి పందిళ్ళు ఇంకా పూర్తిగా విప్పనే లేదు. సాయంత్రం పాసింజరు దిగి ఇంటికొచ్చిన మా ఆయన కాళ్ళు కడుక్కోకుండా గుమ్మంలోనే నిలబడిపోయారు.

"ఒసే ధనం, రేపటినుంచి నాకు కేరేజీ కట్టక్కర్లేదు" అన్నారు.

"ఏటయిందండీ?"

"ఏటీ అవలేదు. ఉద్యోగం ఉన్నాది. ఆఫీసే ఎత్తేస్తన్నారు. ఇంటికాడే కూకుని సెయ్యమన్నారు."

మా ఆయన పేరు నరసింగరావు. విశాఖపట్నంలో, ఓడల్లో వచ్చే సరుకుకి కాగితాలు తయారుచేసే కంపెనీలో పని. మేముండేది గజపతినగరం. పెళ్ళయిన దగ్గరనుంచీ పొద్దున్న రాయగడ పాసింజరెక్కి వెళ్ళడం, చీకటి పడ్డాక రావడం. కరోనా పోయాక వారంలో సగం రోజులే రమ్మన్నారు. ఆ ఏడు ఆ సగం కూడా తీసేశారు. ఖాళీ కుర్చీలకి అంత పెద్ద హాలెందుకని పైవాళ్ళు అనుకున్నారట.

నాకు పట్టరాని సంతోషమైంది. ఎందుకంటే అది నేను కోరుకున్నదే. వానకి తడిసి, చలికి వణికి, నిలబడ్డానికి చోటు లేని పెట్టెలో ఆ మనిషి తిరుగుతుంటే, "స్వామీ, ఆయనకి ఈ తిరుగుడు తప్పించు" అని సింహాద్రి అప్పన్నకి ఎన్నిసార్లు మొక్కానో నాకే తెలియదు. మర్నాడే కొబ్బరికాయ కొట్టాను. మాకు పిల్లలు లేరు. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. ఇక ఇద్దరం ఉంటాం కదా అనుకున్నాను.

దేవుడి గది పక్కనున్న చిన్నగదిలో బల్ల వేసుకున్నారు. కంపెనీవాళ్ళు లాప్‌టాప్ పంపారు. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని తలుపు దగ్గరికి వేశారు.

మొదటిరోజు నేను పూజలో గంట కొట్టగానే తలుపు కొంచెం తెరుచుకుంది. ఆయన తల మాత్రం బయటికొచ్చి, నోటిమీద వేలు పెట్టుకుని, లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత చెప్పారు. "పొద్దున్న మీటింగులో ఇరవైమంది ఉంటారే. ఇక్కడ గంట కొడితే పుణేలో ఇనబడతాది."

"పోన్లెండి. పుణేవాళ్ళకీ కాస్త పుణ్యం" అన్నాను.

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆ రోజునుంచి గంట పక్కన పెట్టేశాను. హారతి ఇచ్చేటప్పుడు చెయ్యి దానికోసం వెళ్ళేది, మళ్ళీ వెనక్కి వచ్చేసేది. గంట లేకపోతే స్వామికి వినబడదా? వినబడుతుంది. మరి నాకెందుకు ఆ పూజ మూగగా అనిపించేది?

కుక్కరు కూతపెట్టకుండా పప్పు గిన్నెలో ఉడికించడం మొదలుపెట్టాను. మిక్సీ మానేసి రోట్లో నూరుకున్నాను, అదీ పెరట్లో. సహస్రనామం గట్టిగా చదువుకునే అలవాటు, పెదవులు మాత్రమే కదిపే అలవాటుగా మారింది. వీధిలోకి కూరలు తెచ్చే అప్పలమ్మ కేక ఊరవతలికి వినబడుతుంది. ఆమెను గేటు దగ్గరే ఆపి, "అమ్మా, మెల్లగా" అన్నాను.

అప్పలమ్మ బుట్ట దింపి మూసిన తలుపు వైపు చూసింది. "అయ్యగోరికి ఒంట్లో బాగోనేదేటమ్మా?"

"బాగానే ఉన్నారు. పని సేసుకుంటన్నారు."

"తలుపులేసుకునా?"

"అవును."

"తలుపులేసుకుని సేసీ పనేటమ్మా?" అని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. మర్నాడు గుప్పెడు నేలవేము తెచ్చి నా చేతిలో పెట్టింది. "కషాయం కాసి పట్టించీ. పగలు ఇంట్లో ఉన్న మగోడంటే జొరమైనా ఉండాల, దిగులైనా ఉండాల. రెంటికీ ఇదే మందు."

ఆ రోజంతా ఆ మాట తలుచుకుని నవ్వుకున్నాను. కానీ అప్పలమ్మ అప్పటినుంచి మా వీధిలో కేక వెయ్యడం మానేసింది. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో తెలిసేది కాదు. నాలుగు మాటలాడే ఆ ఒక్క మనిషి కూడా మా గేటు ముందునుంచి మెల్లగా దాటిపోయేది.

ఇవన్నీ నేను సర్దుకోగలను. సర్దుకోలేనిది వేరే ఉంది.

ఆయన సాయంత్రం ఇంటికొస్తే కాళ్ళు కడుక్కుని గడపమీద కూర్చునేవారు. నేను కాఫీ ఇచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేదాన్ని. అప్పుడు మొదలయ్యేది. "ఈ రోజేటయిందో తెలుసా?" కోరుకొండలో ఎక్కిన ముసలమ్మ సీటు కింద కోడిని కడితే, అది ఆయన రైలు స్నేహితుడు సత్యానందంగారి బూటుతాడు విప్పేస్తే, దిగబోయి ఆ మనిషి బోర్లా పడిన సంగతి. పెళ్ళికొడుకుని అలమండలో మరిచిపోయి, కొత్తవలసలో లెక్క చూసుకున్న పెళ్ళివారి సంగతి. ఒక్కొక్కరి గొంతూ అనుకరిస్తూ చెప్పేవారు. నేను ఆ రైలు ఎక్కకపోయినా ఆ పెట్టెలో ప్రతి మనిషీ నాకు తెలుసు. నాకు రోజంతా ఒంటరితనం అనిపించకపోవడానికి కారణం అదేనని అప్పుడు తెలియలేదు. పగలంతా ఆ సాయంత్రం కోసమే ఉండేదాన్ని.

ఇప్పుడు ఆయన గది తలుపు తెరుచుకుని వచ్చి, అదే గడపమీద కూర్చునేవారు. కాఫీ ఇచ్చేదాన్ని. తాగేవారు. వీధిలోకి చూసేవారు.

"ఏటయిందండీ ఈ రోజు?"

"ఏటవుతాదే? ఏటీ అవలేదు."

నిజమే. ఎక్కడికీ వెళ్ళని మనిషి తిరిగొచ్చి చెప్పేదేముంటుంది?

ఒకరోజు పొద్దున్న కాఫీ గ్లాసు ఇవ్వడానికి తలుపు కొంచెం తోశాను. మీటింగు నడుస్తోంది. బల్లమీది తెరలో చిన్న చిన్న గళ్ళు, గడికో మొహం. హెడ్‌ఫోనులోంచి ఎవరో ఆడపిల్ల గొంతు సన్నగా, గబగబా వినబడుతోంది. ఆయన గ్లాసు అందుకుని, గోడ గడియారం వైపు చూసి, ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు. గ్లాసున్న చెయ్యి పక్కకి చాపారు, ఎవరికో అందిస్తున్నట్టు. అక్కడ ఎవరూ లేరు. ఒక్క క్షణం అలాగే ఉండి, గ్లాసు బల్లమీద పెట్టి, వట్టి గోడకి రెండు చేతులూ జోడించారు.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అది రైలు సింహాచలం దగ్గరికి చేరే వేళ. పెట్టెలోంచి అప్పన్న కొండ కనబడగానే రోజూ తిరిగే నెలపాసుల వాళ్ళంతా లేచి దణ్ణం పెట్టుకునేవారట. మా ఆయన రెండు చేతులూ జోడించడం కోసం సత్యానందం ఆయన కేరేజీ పట్టుకునేవారట. సత్యానందం బొబ్బిలి మనిషి, బాప్టిస్టు చర్చివాళ్ళు. రోజూ బొబ్బిలిలోనే ఎక్కి, కిటికీ పక్క సీటుమీద జేబురుమాలు పరిచి మా ఆయనకి ఆపేవారు. "మీ అప్పన్నకి మీరు మొక్కండి గురువుగారూ, మీ పప్పన్నానికి నేను కాపలా ఉంటాను" అనేవారట. సగంసార్లు ఆ కాపలాలో పప్పన్నం తగ్గిపోయేది కూడా.

"సత్యానందంగారికి ఒకసారి ఫోను చెయ్యకపోయారా?" అన్నాను ఆ సాయంత్రం.

"సేశాను. వాళ్ళ కంపెనీ రూలు వేరే. వారంలో మూడు రోజులు ఆఫీసుకి రావలసిందే, అదీ హైదరాబాదు ఆఫీసుకేనన్నారంట. వాళ్ళింటావిడినీ ఇక్కడే ఉంచి ఎల్లిపోయాడు." ఖాళీ గ్లాసు కింద పెట్టారు. "అక్కడ మెట్రో రైలంట. ఎవడూ ఎవడితోనూ మాట్లాడడంట."

దసరా వచ్చింది. ఆఫీసులో ఆయుధపూజ పెద్దగా చేసేవారు. కంప్యూటర్లన్నిటికీ బొట్లు పెట్టి, హాల్లో అప్పన్న పటం ముందు కొబ్బరికాయ కొట్టి, అటుకుల ప్రసాదం పంచేవారు. ఆ అటుకులు మా ఇంటినుంచే వెళ్ళేవి. ఆ ఏడు మీటింగులోనే ఎవరో దీపం బొమ్మ పంపారట, అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారట. అక్కడితో పూజ అయిపోయింది.

నాకు మనసొప్పలేదు. ఆయన చేసే పనికి అదే ఆయుధం కదా. నవమినాడు లాప్‌టాప్‌ని పీటమీద పెట్టి, తెరిచి, పైన నడిమధ్యన, నుదురుండవలసిన చోట గంధం అద్ది కుంకుమబొట్టు పెట్టాను. బాగా ఆనాలని కొంచెం చిక్కగానే పెట్టాను. అటుకులు చేశాను. చెయ్యడం అలవాటు కొద్దీ ఆఫీసుకి సరిపడా చేశాను. వీధిలో పంచినా మిగిలిపోయాయి.

దసరా తర్వాత వచ్చే సిరిమాను జాతర మంగళవారం కూడా వెళ్ళిపోయింది. పొలాల్లో వరి పొట్టకొచ్చింది. దీపావళి దగ్గరపడుతోందని ఇల్లు దులుపుతూ, ఆయన భోజనానికి లేచినప్పుడు ఆ గదిలోకి వెళ్ళాను. బల్ల తుడిచి, లాప్‌టాప్ తుడవబోతే నా బొట్టు ఎండిపోయి అలాగే ఉంది. తడిగుడ్డ దానిమీద పెట్టబోయాను.

"తుడవకు" అన్నారు, గుమ్మంలోంచి.

ఉలిక్కిపడ్డాను. "ఎండిపోయింది కదండీ."

"ఉండనీ." వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చేతిమీద మజ్జిగన్నం ఇంకా అంటుకునే ఉంది. "అదెక్కడ పెట్టావో తెలుసా? దాని కంటిమీద. అక్కడే కేమెరా ఉంటాది. అందులోంచే నేను వాళ్ళకి అవుపడతాను."

"అయ్యో రామా! మరి సెప్పలేదేటండీ? ఆ రోజే తుడిసేద్దును కదా!"

"మొదటిరోజు నేనూ సూసుకోలేదు. నా గడిలో మొహం బదులు ఎర్రగా, నల్లగా ఏదో ఉన్నాది. ఎవరైనా అడిగితే సెప్దాం, మా ఆవిడ పూజ సేసిందని సెప్పి నవ్విద్దాం అనుకున్నాను." చేతివేళ్ళ వైపు చూసుకున్నారు. "రోజూ అలాగే కూకుంటన్నాను."

"ఎవరూ అడగలేదా?"

"లేదే" అన్నారు. లేచి చెయ్యి కడుక్కోడానికి వెళ్ళిపోయారు.

నేను తడిగుడ్డ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పెరట్లో నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

ఆ సాయంత్రం దీపం పెట్టి, స్వామి ముందు కూర్చుని, మొదటిసారి కొంచెం గట్టిగానే అడిగాను. నేనడిగిందే ఇచ్చావు, కాదనను. మా ఆయన ఆ రైలులో నలిగిపోతున్నారని తప్పించమన్నాను. ఆ మనిషి ప్రాణం ఆ రైలులోనే ఉందని నువ్వయినా చెప్పకూడదా స్వామీ? స్వామి ఎప్పటిలా చూస్తున్నారు. దేవుడు చెప్పే పద్ధతి దేవుడిది.

దీపావళి వెళ్ళిన వారంలో కంపెనీనుంచి కబురొచ్చింది. హాలు అప్పగించేస్తున్నారు, ఎవరి సామాన్లు వాళ్ళు తీసుకెళ్ళాలి. ఆయన చదివి, "అక్కడేటున్నాది, ఒక గ్లాసూ, కుర్చీమీద దిండూ. పోతే పోనీ" అన్నారు.

"మంచి గ్లాసది. నేను కొన్నాను" అన్నాను. "రేపు సెలవు పెట్టండి. నేనూ వస్తాను."

"నువ్వెందుకే?"

"నేనెప్పుడైనా ఆ రైలెక్కేనా? సూడాలి కదా."

తెల్లవారకుండా లేచి కేరేజీ కట్టాను. స్టేషనులో బండి వచ్చి ఆగగానే ఆయన అడుగులు వాటంతట అవే వెనకనుంచి మూడో పెట్టె వైపు నడిచాయి. కిటికీ పక్క సీటులో ఎవరో కుర్రాడు, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఉన్నాడు. ఆయన ఆ సీటు వైపు చూసి, ఎదురుగా కూర్చున్నారు. పెట్టె నిండుగానే ఉంది. తెలిసిన మొహం లేదు. ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు.

కొత్తవలసలో ఉడకేసిన వేరుశనక్కాయల బుట్టతో ఒకాయన ఎక్కాడు. సూరయ్య. చెప్పకముందే పోల్చుకున్నాను. ఆ గరగర గొంతు మా గడపమీద ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను. అతను మా ఆయన్ని చూసి బుట్ట కింద పెట్టేశాడు.

"బాబూ! ఏటయిపోనారు? ఒక్కలు కాదు, ఇద్దరు కాదు, ముఠా అంతా ఒక్కపాలే మాయమైపోనారు! ఏ బండికేటయిందో అని నానెంత బెంగెట్టుకున్నానో!"

"ఏటవలేదు సూరయ్యా. ఆఫీసు ఇంటికొచ్చీసింది."

"ఆఫీసింటికొస్తే మనిసి రావడం మానీడమేటి బాబూ?" అని నా వైపు తిరిగాడు. "అమ్మగోరా? అమ్మా, ఈ బాబు నేని పెట్టెలో కాయలమ్మడం, గోడతోటి మాటాడ్డం ఒక్కటేనమ్మా" అంటూ పొట్లం పెద్దది కట్టి, డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేశాడు. ఆయన పొట్లం ఒడిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయారు.

పెందుర్తి దాటింది. కొండ వరస కనబడడం మొదలైంది. ఎవరూ తల ఎత్తలేదు. ఆయన మోకాళ్ళమీద కేరేజీ పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను లేచి నిలబడి చెయ్యి చాపాను.

"ఇలా తెండి."

నా మొహంలోకి చూశారు. కేరేజీ నా చేతికిచ్చి లేచారు. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకున్నారు. నా చేతిలో కేరేజీ ఉంది కనుక నేను దణ్ణం పెట్టలేకపోయాను. సత్యానందం ఇన్నేళ్ళూ ఎక్కడ నిలబడ్డారో అక్కడ నిలబడ్డాను, అంతే. కిటికీ పక్క కుర్రాడు ఒకసారి మమ్మల్ని చూసి, కొండని చూసి, మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు.

ఆఫీసు హాల్లో బల్లలు అప్పటికే తీసేశారు. నేలమీద బల్ల కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. ఆయన తనకి తెలిసిన దారుల్లోనే, లేని బల్లల మధ్యనుంచి తిరిగి తిరిగి నడిచి, తన చోటికి వెళ్ళారు. సామాన్లన్నీ ఒక మూల పోగుపెట్టి ఉన్నాయి. గ్లాసు దొరికింది. దిండు కనబడలేదు. గోడమీద అప్పన్న పటం అలాగే ఉంది, కింద నూనె మరకతో సహా. అందరికీ ఇంట్లో దేవుడున్నాడు కదా, ఇది ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన దాన్ని దించి, తువ్వాలుతో తుడిచి, చంకన పెట్టుకున్నారు. కాపలా మనిషి తలుపు వేసుకోడానికి నిలబడి ఉన్నాడు. తిరుగు రైలులో పొడుగునా ఆ పటం ఆయన ఒడిలోనే ఉంది.

మర్నాడు ఆ పటాన్ని తన కుర్చీ ఎదుటి గోడకి తగిలించుకున్నారు.

తర్వాత కార్తీక సోమవారం వచ్చింది. తలంటుకుని, తులసికోట దగ్గర దీపం పెట్టి, లోపలికొచ్చి పూజకి కూర్చున్నాను. పక్కగదిలో మీటింగు మొదలైంది. హారతి వెలిగించాను. నా ఎడమచెయ్యి ఎప్పటిలాగే గంట దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"ధనం!" అన్నారు పక్కగదిలోంచి. మెల్లగా కాదు, మామూలు గొంతుతో. తలుపు బార్లా తీసి ఉంది. హెడ్‌ఫోను బల్లమీద ఉంది. "గంట కొట్టవేటి?"

"మీటింగు కదండీ?"

"కొండొచ్చింది. కొట్టు."

చవితి తర్వాత ముట్టుకోని గంట. కొట్టాను. నా చెవులకే అది ఎవరింటి గంటో అన్నట్టు వినబడింది. ఆయన లేచి పటానికి చేతులు జోడించారు.

తెరలోంచి ఆ ఆడపిల్ల గొంతు వచ్చింది. "ఎవరిదో బెల్ వినిపిస్తోందండీ. ఎవరది? ప్లీజ్, మ్యూట్ చేసుకోండి."

ఆయన వంగి చెప్పారు. "నేనమ్మా. నరసింగరావుని. గజపతినగరం."

"ఓ, సర్... మీరు కాల్‌లో ఉన్నారా? మీ వీడియో ఏంటి సర్, ఏదో ఎర్రగా ఉంది?"

"బొట్టమ్మా. దసరాకి మా ఆవిడ పెట్టింది."

"దసరాకా?" అంది ఆ పిల్ల.

ఒకరెవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ పిల్ల గొంతు తగ్గించి, "సారీ సర్" అంది. తర్వాత, "కొంచెం మ్యూట్ చేసుకోండి సర్" అంది.

ఆయన ఏదో నొక్కారు. అప్పుడు బొటనవేలితో ఆ బొట్టుని మెల్లగా గీకారు. ఎండిన కుంకుమ వేలికి అంటింది. దాన్ని దులిపెయ్యకుండా నుదుట పెట్టుకున్నారు. తెరమీద అన్ని గళ్ళ మధ్య ఒక చిన్న గడిలో మా ఆయన మొహం కనబడింది. మీటింగు సాగిపోయింది. నేను హారతి కళ్ళకద్దుకున్నాను.

ఆ సాయంత్రం గది తలుపు వేసి, ఆయన పెరటిదారిన వీధిలోకి వెళ్ళారు. ఎక్కడికో అనుకున్నాను. ఎక్కడికీ కాదు. ఇంటిచుట్టూ తిరిగి, వీధి గేటు తీసుకుని లోపలికొచ్చారు. కుండీ దగ్గర కాళ్ళు కడుక్కుని గడపమీద కూర్చున్నారు. నేను కాఫీ ఇచ్చి స్తంభానికి ఆనుకున్నాను.

"ఒసే ధనం, ఈ రోజేటయిందో తెలుసా?"

పొద్దున్న పక్కగదిలోనే ఉన్నాను. ప్రతి మాటా విన్నాను. ఆ గంట కొట్టింది నేనే.

"ఏటయిందండీ?" అన్నాను.